బండలోని నక్షత్రము

కర్నూలునుండి నైరుతిగా కోడుమూరు పోవు దారిలో ఇరుప్రక్కల జొన్న, ప్రత్తి, వేరుసెనగ చేలును, చేల నడుమ ఏనుగులు పండుకొన్నట్లు బూడిదవన్నె బండలును కనబడును. ఆ ఊర ఒక చేనేతవారి యింటి అరుగుపై మేము కూర్చుండి మాటలాడుచుండగా, ఇంటి పెద్దాయన మమ్మొక ప్రశ్న అడిగెను. కోడుమూరునకు నైరుతి దిక్కున దేవనకొండ మండలమందు కప్పట్రాళ్ల అడవి కలదు. ఆ అడవిలో యురేనియమునకై బోరులు వేయుదురను వార్త 2024లో పుట్టినది. ఆ నవంబరులో చుట్టుప్రక్కల గ్రామములవారు రోడ్డుపైకి వచ్చి అభ్యంతరము తెల్పిరి. పిమ్మట ప్రభుత్వము ఆ యత్నము లేదని ప్రకటించినది. పెద్దాయన ప్రశ్న దానిని గూర్చియే.

“తవ్వేది లేదన్నారు, బాగుండాది. మరి ఆ యురేనియం మా బండల కిందనే ఉండాది కదా సామీ. తవ్వకుంటే ఊరికే ఉంటాదా, లేకుంటే ఎట్లున్నా మమ్మల్ని తింటాదా?”

దీనికి అవుననియో కాదనియో ఒక్క మాటలో బదులు చెప్పుట మాకు చేతకాలేదు. యురేనియము బండలో ఏమి చేయుచున్నదో తెలియవలెనన్న, అది బండలోనికి ఎట్లు వచ్చెనో తెలియవలెను. అది తెలియవలెనన్న కొంతసేపు నేలను విడిచి ఆకసము వంక చూడవలెను. ఆనాడు అరుగుమీద మేము చెప్పినదానినే ఇచ్చట కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

ముందుగా ఒక చిన్న మాట. రేడియోధార్మికత అను పేరు విని కొందరు మన ఇంట బల్లపై పాడు రేడియో పెట్టెను అనుమానముతో చూచుట మేమెరుగుదుము. ఆ రెండింటికిని పేరులో తప్ప చుట్టరికము లేదు. రెండు మాటలును కిరణమను అర్థముగల లాటిను పదమునుండి పుట్టినవి, అంతియే. పెట్టె నిర్దోషి.

ప్రతి పరమాణువునకు నడుమ మిక్కిలి చిన్నదియు, మిక్కిలి బరువైనదియు నగు కేంద్రకము కలదని 1911లో రూథర్‌ఫర్డు కనుగొనెను. ఆ కేంద్రకమున ప్రోటానులు, న్యూట్రానులు అను రెండు జాతుల కణములుండును. ప్రోటానులన్నియు ధనవిద్యుత్తు గలవి కావున ఒకదానినొకటి త్రోసికొనును. వానిని విడిపోనీయక పట్టియుంచు బలము మిక్కిలి గట్టిది గాని, దాని చేయి పొట్టిది. ప్రక్కనున్నవానిని మాత్రమే అది పట్టుకొనగలదు. త్రోపుడు మాత్రము దూరమునుండి కూడ పనిచేయును. కావున కేంద్రకము పెద్దదైన కొలది కూర్పు సడలుచుండును. యురేనియములో విశేషముగ దొరకు జాతికి 92 ప్రోటానులు, 146 న్యూట్రానులు, వెరసి 238 కణములు. పట్టునకు మించి జనమునెక్కించిన సంత బండి వంటిది ఆ కేంద్రకము. ఎప్పుడో ఒకప్పుడు దానినుండి రెండు ప్రోటానులు, రెండు న్యూట్రానులు ఒక ముద్దగా బయటికి దూకును. ఈ ముద్దకే ఆల్ఫా కణమని పేరు. ఇట్లు కేంద్రకములు తమంతట తాము మారుటయే రేడియోధార్మికత. యురేనియపు లవణములనుండి కంటికి కనబడని కిరణములు వెలువడుచున్నవని పారిసులో హెన్రీ బెకరెల్ 1896లో మొట్టమొదట గుర్తించెను. రెండేండ్లకు క్యూరీ దంపతులు పొలోనియమును, రేడియమును కనుగొనిరి.

(ఆ 1896లోనే పశ్చిమ గోదావరి సీమయందలి గోరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు అను బాలుడు పుట్టెను. ఆయన సన్న్యసించి జ్ఞానానంద స్వామియై, హిమాలయములలో తపస్సు చేసి, పిదప యూరపు వెళ్లి, ప్రాహాలోను లివర్పూలులోను భౌతికశాస్త్రము అభ్యసించి, తిరిగివచ్చి వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పెను. కాషాయము కట్టినవాడు పరమాణువును కొలుచుచుండగా చూచుట ఆనాటి విద్యార్థులకు వింతగనే ఉండియుండును.)

ఏ కేంద్రకము ఎప్పుడు మారునో ఎవరును చెప్పజాలరు. కాని మొత్తముమీద ఎన్ని మారునో కచ్చితముగ చెప్పవచ్చును. ఇందులో వింత లేదు. మన ఇండ్లలో జొన్న పేలాలు వేయించునప్పుడు మంగలములో ఏ గింజ ముందు పేలునో ఏ తల్లియు చెప్పలేదు. అయినను కొలది నిమిషములలో సగము గింజలు పేలుననియు, తరువాత శబ్దము పలుచబడుననియు ఆమెకు తెలియును. అట్లే ఒక పదార్థమున సగము కేంద్రకములు మారుటకు పట్టు కాలమును అర్ధాయువు అందురు. మిగిలిన సగములో సగము మారుటకు మరల అంతకాలమే. భేదమేమన, జొన్నలకు మంట కావలెను. కేంద్రకమునకు మంట అక్కరలేదు. కాచినను, చల్లార్చినను, ఆమ్లములో కరగించినను, దాని కాలము దానిదే.

యురేనియము 238 యొక్క అర్ధాయువు సుమారు 447 కోట్ల సంవత్సరములు. ఒక గ్రాము యురేనియమునుండి క్షణమునకు పండ్రెండువేలకు పైగా ఆల్ఫా కణములు వెలువడుచున్నను, ఆ గ్రాములో సగము తరుగుటకు అంతకాలము పట్టునన్నచో, ఒక గ్రాములో ఎన్ని పరమాణువులున్నవో ఊహించుకొనవచ్చును. మారిన యురేనియము ఒక్కసారిగ స్థిమితపడదు. అది థోరియమగును, రేడియమగును, రేడాను అను వాయువగును. ఇట్లు పదునాలుగు మెట్లు దిగి, తుదకు సీసమై ఊరకుండును. ఈ మెట్లలో ఒకదానికి లక్షల ఏండ్లు, ఒకదానికి నిమిషములు. రేడియమునకు 1600 ఏండ్లు, రేడానునకు నాలుగు దినములకు కొంచెము తక్కువ. పదునాలుగింటిలో ఎనిమిది మెట్లయందు ఆల్ఫా కణము వెలువడును. బయటబడిన ఆల్ఫా కణము దారిలో రెండు ఎలక్ట్రానులను చేర్చుకొనినచో హీలియము అను వాయువు యొక్క పరమాణువగును. అనగా, ఒక్కొక్క యురేనియపు పరమాణువు సీసముగ మారులోపల ఎనిమిది హీలియపు పరమాణువులను కనుచున్నది.

ఈ హీలియమునకు తెలుగుదేశముతో ఒక సంబంధము కలదు.

1868 ఆగస్టు 18వ తేదీ ఉదయము మన దేశమున సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. చంద్రుని నీడ పడమటి తీరమున ప్రవేశించి, బిజాపురపు ప్రాంతము దాటి, కృష్ణాతీరముల మీదుగా సాగి, గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా బంగాళాఖాతమున దిగినది. నీడ వెడల్పు రమారమి 240 కిలోమీటర్లు. కోడుమూరు దాని నడిమి గీతకు దక్షిణమున ఉన్నను, నీడలోనే ఉన్నది. ఆనాడు ఇచ్చటి మగ్గములును పట్టపగలు కొంతసేపు ఆగియుండును. గుంటూరులో ఆ చీకటి అయిదు నిమిషములకు పైగా నిలిచినది. అచ్చటికి పియర్ జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వచ్చి, ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట దిగి, తన పరికరములను అమర్చుకొనెను. మేజర్ టెన్నంటు నాయకత్వమున ఆంగ్లేయుల బృందమును గుంటూరిలోనే ఉండెను. మదరాసు నక్షత్రశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్టణమునుండి చూచెను.

వారు చూడవచ్చినది ఏమి? రేడియోలో ముల్లు త్రిప్పునప్పుడు ఒక్కొక్క కేంద్రము తనకేర్పడిన మీటరు దగ్గరనే వినబడును గదా. అట్లే కాగిన ప్రతి వాయువును తనకేర్పడిన రంగులలోనే వెలుగును. ఆ వెలుగును పట్టకముగుండ పోనిచ్చినచో సన్నని గీతలుగా కనబడును. ఆ గీతల స్థానమును చూచి, ఇది ఉదజని అనబడు హైడ్రోజను, ఇది సోడియము అని గుర్తుపట్టవచ్చును. సూర్యుని అంచున లేచు ఎర్రని జ్వాలలు గ్రహణమునాడు మాత్రమే కనబడుచుండెను. వానిలో ఏమున్నదో ఎవరికిని తెలియదు. ఆనాడు పట్టకముగుండ చూడగా ఉదజని గీతలు స్పష్టముగ కనబడినవి. వానితోబాటు పసుపుపచ్చని గీత యొకటి పలువురికి కనబడినది. సోడియపు గీత ఉండవలసినచోటికి అది మిక్కిలి దగ్గరగ ఉన్నందున, అదియే కాబోలునని అనేకులు అనుకొనిరి. జ్వాలల కాంతి అంత గట్టిగ నుండుట చూచిన జాన్సెనునకు మాత్రము, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునను తలంపు కలిగెను. మరునాటి ఉదయమే గుంటూరున ఆయన దానిని చేసి చూపెను. ఆ అక్టోబరులో ఇంగ్లండున నార్మన్ లాకియర్ కూడ స్వతంత్రముగ ఆ పద్ధతినే కనుగొని, ఆ పచ్చగీత సోడియముది కాదని తేల్చెను. అది భూమిమీద ఎవరికిని తెలియని ధాతువుదని ఆయన తలచెను. గ్రీకు భాషలో సూర్యునికి గల హీలియోస్ అను పేరునుండి దానికి హీలియము అను పేరు ఏర్పడినది.

అంతవరకు బాగుగనే ఉన్నది గాని, ఒక గీతను చూచి ఒక ధాతువు ఉన్నదనుట పలువురికి నచ్చలేదు. ఇరువదియేడేండ్లు ఆ వాదము అట్లే నడచెను. 1895లో లండనున విలియం రామ్సే వేరొక వాయువును వెదకుచు, క్లీవైటు అను ఖనిజమును ఆమ్లముతో కాచి, వచ్చిన వాయువును పట్టకముగుండ చూడగా, ఆ పచ్చగీతయే కనబడినది! క్లీవైటు యురేనియము గల రాయి. సూర్యునియందున్న వాయువు రాతిలోనికి ఎట్లు వచ్చినది? ఆనాడు ఎవరును చెప్పలేకపోయిరి. బెకరెల్ కిరణములు ఇంకను బయటపడలేదు. 1908లో రూథర్‌ఫర్డు, రాయిడ్సు అను ఇరువురును సన్నని గాజుగోడ దాటి వచ్చిన ఆల్ఫా కణములను ప్రోగుచేసి, అవియే హీలియమని రుజువు చేసిన తరువాతగాని ఆ ముడి విడలేదు. రాతిలోని హీలియము రాతిలోనే పుట్టినది. యురేనియము విరిగి విరిగి దానిని కన్నది.

మరి సూర్యునిలోని హీలియము? అది విరుగుటవలన కాక, కూడుటవలన పుట్టినది. సూర్యుని గర్భమున వేడిమి కోటిన్నర డిగ్రీలు. అచ్చట ఉదజని కేంద్రకములు ఎంత వేగముతో తిరుగుచుండునన, తమ త్రోపుడును మించి ఒకదానినొకటి అంటుకొనును. నాలుగు ఉదజనులు కొన్ని మెట్లమీద కూడి ఒక హీలియమగును. నాలుగింటి బరువుకన్న ఆ ఒక్కదాని బరువు నూటికి 0.7 వంతు తక్కువ. ఆ తరుగే ఐన్‌స్టయిన్ సూత్రము చొప్పున వెలుగగును. సూర్యుడు క్షణమునకు సుమారు 60 కోట్ల టన్నుల ఉదజనిని హీలియముగ మార్చుచు, 40 లక్షల టన్నులకు పైగా తన బరువును వెలుగుగా వెదజల్లుచున్నాడు. రాయలసీమ ఎండకు మూలము ఇదియే. నక్షత్రముల శక్తి ఉదజని కూడికవలన వచ్చునని 1920లో ఎడింగ్టన్ ఊహింపగా, ఆ మెట్లను 1939లో హాన్స్ బెథె లెక్క కట్టి చూపెను. హీలియములో కొంతభాగము విశ్వము పుట్టిననాడే ఏర్పడినదని కూడ ఇచ్చట చెప్పవలెను.

సూర్యుడు ఇట్లు వెలుగ మొదలిడి 460 కోట్ల ఏండ్లు కావచ్చినది. ఇంక 500 కోట్ల ఏండ్లకు సరిపడ ఉదజని గర్భమున కలదు. అది అయిపోయిన పిదప గర్భము క్రుంగును, పైపొరలు ఉబ్బును. సూర్యుడు ఎర్రని మహాతార యగును. క్రుంగిన గర్భమున వేడిమి పదికోట్ల డిగ్రీలకు చేరినప్పుడు, బూడిదవలె పడియున్న హీలియమే మరల ఇంధనమగును. మూడు హీలియములు కూడి ఒక కర్బనము. ఈ కూడిక జరుగవలెనన్న కర్బన కేంద్రకమునకు ఒకానొక శక్తిస్థితి ఉండితీరవలెనని 1953లో ఫ్రెడ్ హాయిల్ పట్టుబట్టెను. “కర్బనము లోకములో ఉన్నది గనుక ఆ స్థితియు ఉండవలెను” అనునదే ఆయన వాదము. ప్రయోగశాలలోనివారు అపనమ్మకముతోనే వెదకిరి. అది ఉన్నది. శాస్త్రములో ఇంత సొగసైన వాదములు తరచుగ తటస్థింపవని మా తలంపు.

ఈ కర్బనము మనకు దూరపు సంగతి కాదు. తొలకరి వానలు పడినంతనే కోడుమూరునకు దక్షిణమున తుగ్గలి, జొన్నగిరి చేలలో చిన్న పెద్ద లందరును తలలు వంచుకొని వజ్రములకై వెదకుట ఏటేట జరుగుచున్నదే. వజ్రము వట్టి కర్బనము. భూగర్భమున ఒత్తిడికి స్ఫటికమగుట తరువాతి కథ. ఆ కర్బనపు పరమాణువులు మాత్రము ఏనాటి నక్షత్ర గర్భములలోనో హీలియము మూడేసి చొప్పున కూడి ఏర్పడినవి.

సూర్యుని వంటి నక్షత్రము ఇంతకు మించి పోజాలదు. పైపొరలను ఆకసమున విడిచి, గర్భము మాత్రము మిగిలి, భూమియంత పరిమాణముగల శ్వేతకుబ్జమై మెల్లగ చల్లారును. అట్టి కుబ్జమునకు బరువులో ఒక హద్దు కలదని, అది సూర్యుని బరువునకు రమారమి 1.4 రెట్లని కనుగొన్నవాడు మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన సుబ్రహ్మణ్య చంద్రశేఖర్. 1930లో ఇంగ్లండునకు ఓడపై పోవుచు, పందొమ్మిదేండ్ల వయసున ఆయన ఈ లెక్కను ఆరంభించెను. పెద్దలు చాలకాలము దానిని పరిహసించిరి. నోబెలు బహుమానము 1983లో గాని రాలేదు.

మిక్కిలి బరువైన నక్షత్రముల గతి వేరు. అవి కర్బనమునుండి ఆమ్లజని, సిలికాను మొదలగువానిని వరుసగ వండుచు ఇనుమువరకు పోవును. వంట సాగిన కొలది కాలము తరుగును. ఉదజనికి లక్షల ఏండ్లు పట్టినచో, తుదిమెట్టునకు కొలది దినములే. ఇనుము కూడినచో శక్తి రాదు, ఎదురు ఖర్చు. పొయ్యి ఆరిన గర్భము క్షణములోపల కూలును, పైభాగము పేలి చెదరును. ఇదియే సూపర్నోవా. మన రైతులు ఆరుద్ర కార్తె అని వానకు ఎదురుచూచు ఆ ఆరుద్ర నక్షత్రము ఇట్టి ముసలి మహాతారయే. దాని ఎరుపు కంటికే తెలియును. రానున్న లక్ష ఏండ్లలో ఎప్పుడైన అది పేలవచ్చును. ఆనాడు అది పగలు కూడ కనబడును.

ఇంతకు యురేనియము ఏది? ఇనుమునకు పైనున్న బరువైన ధాతువులు మామూలు కూడికవలన ఏర్పడవు. న్యూట్రానునకు విద్యుత్తు లేదు కావున దానిని కేంద్రకము త్రోసివేయదు. న్యూట్రానులు వానవలె కురియుచోట కేంద్రకములు వానిని త్రాగి త్రాగి బరువెక్కును. 1957లో బర్బిడ్జి దంపతులు, ఫౌలర్, హాయిల్ కలసి వ్రాసిన పెద్ద వ్యాసములో ఈ మార్గము వివరింపబడినది. అట్టి జడివాన ఎచ్చట కురియును? కొన్ని మహాతారల మరణమున కావచ్చును. నిశ్చయముగ తెలిసిన తావు ఒకటి కలదు. మహాతార పేలినపుడు మిగులు శవము వట్టి న్యూట్రానుల ముద్ద. సూర్యునికన్న బరువు, ఒక పట్టణమంత పరిమాణము. అట్టివి రెండు ఒకదానిచుట్టు ఒకటి తిరిగి తిరిగి ఢీకొనుట 2017 ఆగస్టు 17న శాస్త్రజ్ఞులు పసిగట్టిరి. గుంటూరు గ్రహణమునకు 149 ఏండ్లు నిండుటకు ఒక్క దినమే తక్కువ! 13 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున జరిగిన ఆ తాకిడివలన ఆకాశకాలములలో పుట్టిన అల ముందుగ తగిలినది, పిదప వెలుగు కనబడినది. ఆ వెలుగు రంగులు మారిన తీరును బట్టి, బరువైన ధాతువులు అచ్చట రాసులుగ ఏర్పడినవని తేలినది. జొన్నగిరి బంగారము, కప్పట్రాళ్ల యురేనియము, ఇట్టి మరణములనుండి చెదరిన ధూళియే. జొన్నగిరియే అశోకుని శాసనములందలి సువర్ణగిరి యని కొందరు చరిత్రకారులు చెప్పుదురు. సువర్ణము అంతకు చాల ముందే వచ్చి కూర్చున్నది.

ఆ ధూళి కలసిన మేఘమునుండి సుమారు 460 కోట్ల ఏండ్ల క్రిందట సూర్యుడును, కొంచెము వెనుకగ భూమియు పుట్టినవి. నాడు భూమిలో చేరిన యురేనియము 238లో నేటికి సగము మిగిలినది. తేలికజాతియగు 235 యొక్క అర్ధాయువు 70 కోట్ల ఏండ్లే కావున, అది నూటికి ఒక వంతు మాత్రము మిగిలినది. ఈ విరుగుడువలన పుట్టు వేడిమియే భూగర్భము చల్లారకుండుటకు ముఖ్య కారణములలో ఒకటి. కోడుమూరు చుట్టునున్న బండలు భూమి కరగిన రాయి గడ్డకట్టగా ఏర్పడిన ప్రాచీన శిలలు, రమారమి 250 కోట్ల ఏండ్లవి. అట్టి శిలలలో టన్నుకు మూడు నాలుగు గ్రాముల యురేనియముండుట లోకమంతట సామాన్యము. బండ గట్టిపడిన నాటి యురేనియములో మూడవ వంతు ఇప్పటికి సీసమైనది. ఈ లెక్కనే తిరగవేసి, ఒక స్ఫటికములో యురేనియమెంత, దానివలన పుట్టిన సీసమెంత అని కొలిచి, రాతి వయసును చెప్పవచ్చును. పులివెందుల దగ్గర కడప శిలల పొరలలోనికి చొచ్చుకొనివచ్చిన నల్లరాతి పలకకు ఈ పద్ధతిచొప్పున 188 కోట్ల 50 లక్షల ఏండ్లని తేలినది; పొరపాటు రమారమి ముప్పది లక్షలు. జాతకములు లేని రాళ్లకు ఇంతకన్న నమ్మదగిన జాతకము వేరొకటి లేదు.

కోడుమూరు బండలవంటి ముసలి బండలు వానకు అరిగి, వానిలోని యురేనియము నీటిలో కరగి, తూర్పునను ఆగ్నేయమునను ఆనాడుండిన కడప సముద్రమున చేరినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. వేంపల్లె సున్నపురాతి పొరలలో అది కుదురుకొన్నది. ఆ పొరలలోనే పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో యురేనియపు గని కలదు. 2007లో శంకుస్థాపన జరిగి, 2012లో పని మొదలైనది. ఖనిజము పలుచనిది. వెయ్యి కిలోల రాతిలో అరకిలోకు లోపే.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు రావచ్చును.

బండలో ఇమిడియున్న యురేనియమునకు మనము భయపడవలసినది చాల కొద్ది. ఆల్ఫా కణము ఒక కాగితమును దాటజాలదు, మన చర్మమును దాటజాలదు. రాతి నడుమ పుట్టినది రాతి నడుమనే ఆగి హీలియమగును. పైగా రేడియోధార్మికత లేనిచోటు భూమిమీద లేదు. మన దేహమందలి పొటాసియములోనే క్షణమునకు నాలుగువేల కేంద్రకములు విరుగుచున్నవి. కోడుమూరువారికి ఎట్లో, మదరాసువారికిని అట్లే. ఈ మాట చెప్పగా పెద్దాయన తన అరచేయి త్రిప్పి త్రిప్పి చూచుకొనెను.

కాని బండనుండి బయటికి రాగల దారులు రెండు కలవు. ఒకటి రేడాను. పదునాలుగు మెట్లలో అదొక్కటే వాయువు. నేల నెరియలనుండి మెల్లగ వచ్చి, తలుపులు మూసిన గదులలో నిలిచి, ఊపిరితోబాటు లోనికి పోయి, అచ్చట విరుగును. చర్మమును దాటలేని ఆల్ఫా కణము ఊపిరితిత్తులలోనే పుట్టినచో దానికి అడ్డమేమున్నది? లోకమున మానవులకు ప్రకృతిసిద్ధముగ తగులు కిరణములలో రమారమి సగము ఈ రేడాను వలననే. గాలి ఆడు ఇంట అది నిలువదు. మన పాత ఇండ్ల మిద్దెలలోని గవాక్షములు ఈ పనిని తెలియకయే చేయుచుండెను.

రెండవ దారి నీరు. ఇది మన సీమకు ముఖ్యము. బావులు ఎండిన కొలది బోరులు లోతెక్కుచున్నవి. లోతున రాతి నెరియలలో ఏండ్ల తరబడి నిలిచిన నీరు రాతిని నాకి నాకి ఫ్లోరైడును, కొన్నిచోట్ల యురేనియమును గ్రహించును. నీటిలోని యురేనియము కిరణములవలన కన్న, సీసమువలె విషమగుటవలననే మూత్రపిండములకు ఎక్కువ కీడు చేయును. లీటరు నీటిలో 30 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. కంటికి, నాలుకకు అది తెలియదు. మరిగించినను పోదు సరిగదా, నీరు ఇగిరిన కొలది చిక్కబడును. పరీక్ష చేయించుటయే మార్గము. ఉన్నదని తేలినచో, ఆర్.ఓ. యంత్రము దానిలో చాలవరకు తీసివేయును.

మరి తవ్వినచో? తవ్వుటయనగా రాతిని పొడిచేయుట. పొడిలోనుండి యురేనియమును మాత్రము తీసికొని, మిగిలిన బురదను చెరువువంటి కట్టలో నిలుపుదురు. చాలమంది ఎరుగని సంగతి ఒకటి ఇచ్చట కలదు. యురేనియము పోయినను, దాని సంతతియగు థోరియము, రేడియము ఆ బురదలోనే ఉండును. మొదటి రాతియందలి రేడియోధార్మికతలో నూటికి 85 వంతులు బురదలోనే మిగులును. ఆ థోరియపు జాతి అర్ధాయువు 75,000 ఏండ్లు. బండలో తాళము వేయబడియున్నది ఇప్పుడు మెత్తని పొడియై గాలికి, నీటికి అందుబాటులో ఉన్నది. కావున ఆ కట్ట అడుగు ఎంత గట్టిగ కప్పబడినది, చుట్టుప్రక్కల బోరులను ఎన్నిమారులు పరీక్షించుచున్నారు, ఆ లెక్కలు ఊరివారికి చూపుచున్నారా అనునవియే అడుగవలసిన ప్రశ్నలు. తుమ్మలపల్లె దగ్గర కె.కె. కొట్టాల మొదలగు ఊళ్లవారు తమ బోరునీళ్లు, అరటితోటలు చెడినవని మొరపెట్టిరి. తమ వలన కాదని గనివారు వాదించిరి. అట్టి తగవును తీర్చునది తవ్వకమునకు ముందు తీసి భద్రపరచిన నీటి లెక్క. అది లేనిచోట ఇరుపక్షముల మాటయు మాటగనే నిలుచును. కప్పట్రాళ్ల పరిసరములవారు తవ్వకము లేని ఈ సమయముననే తమ నీళ్లను కొలిపించి వ్రాసియుంచుకొనుట మంచిదని మేము పెద్దాయనతో చెప్పితిమి.

ఆయన కొంతసేపు ఊరకుండి, “ఆ సచ్చిపోయిన నక్షత్రం యాడుండాది సామీ, రేత్రికి చూపిస్తారా?” అని అడిగెను. అది సూర్యుడు పుట్టకమునుపే పోయినదనియు, ఒక్కటి కాక అనేకములు కావచ్చుననియు, వాని శవములు పాలపుంతలో ఎచ్చటికి కొట్టుకొనిపోయెనో పోల్చుటకు వీలులేదనియు చెప్పితిమి. చూపదగినది ఆయన మగ్గపు గుంత అడుగున తగులు బండ ఒక్కటే. పెద్దాయన లోనికి పోయి, కడిగిన సీసాలో బోరునీళ్లు పట్టించి, మూత బిగించి, మరునాడు కర్నూలు బస్సున పోవు మనుమనికి పరీక్ష చేయించుకొని రమ్మని ఇచ్చెను.